డెల్టాలో నెట్‌వర్క్ రాక్: గోడకు బిగించడం నుంచి పరీక్షించి చూడటం దాకా

భీమవరం, ఆకివీడు వైపు రొయ్యల చెరువుల ఆఫీసులు, మండపేట, తణుకు చుట్టుపక్కల రైస్ మిల్లులు, కోనసీమలోని బడులు, లాడ్జీలు. ఎక్కడి నుంచి అడిగినా ప్రశ్నలు మూడే. నెట్‌వర్క్ కేబుళ్లన్నీ కలిసే కొత్త స్విచ్ పెట్టె ఒక వానాకాలం కూడా దాటకుండా ఎందుకు పోయింది? పగలంతా బాగున్న కెమెరాలు చీకటి పడగానే ఎందుకు ఆగిపోతున్నాయి? రాక్, అంటే ఈ పరికరాలన్నీ పెట్టే ఇనుప బీరువా, బిగించినవారు డబ్బు తీసుకుని వెళ్లిపోయారు, వారు చేసిన పని సరిగా ఉందో లేదో మాకెలా తెలుస్తుంది?

ఈ మూడింటికీ జవాబులు ఉన్నాయి. వాటిలో చాలావరకు నెట్‌వర్క్ చదువుకు సంబంధించినవి కావు. మన దగ్గర పరికరాలను చంపేది తేమ, ఉప్పుగాలి, పిడుగు, సరిగా లేని ఎర్తింగ్. హైదరాబాద్‌లో ఏసీ గదిలో పెట్టే రాక్‌కు రాసిన సూచనలను మొగల్తూరులో అలాగే పాటిస్తే సరిపోదు. అందుకే గోడ గురించీ కరెంటు గురించీ ఎక్కువగా, ఐపీ అడ్రసుల గురించి అవసరమైనంతే చెబుతాను.

ఇక్కడ నేను అనుకుంటున్న పరిమాణం ఇది: గోడకు బిగించే 12 యూ రాక్ ఒకటి (యూ అంటే రాక్ ఎత్తు కొలత, లెక్క నాలుగో భాగంలో ఉంది), పదహారు కెమెరాలు, పది కంప్యూటర్లు, రెండు వైఫై పెట్టెలు. మీది ఇంతకన్నా చిన్నదైతే 9 యూ సరిపోతుంది. పద్ధతి మాత్రం ఒకటే.

కావలసినవి

రాక్ లోతు కనీసం 550 మిల్లీమీటర్లు ఉండాలి. కొనే ముందు కెమెరా దృశ్యాలు దాచే మీ రికార్డర్ లోతు కొలుచుకోండి. వెనుక ప్లగ్గులకూ కేబుళ్ల వంపుకూ మరో 100 మిల్లీమీటర్లు కలపండి. 450 మిల్లీమీటర్ల రాక్ చవకగా వస్తుందని కొని, తరువాత తలుపు మూయలేక తీసేసినవారు ఎందరో.

24 పోర్టుల ప్యాచ్ ప్యానెల్ (గోడల్లోంచి వచ్చే కేబుళ్ల కొసలు బిగించే పలక), పీఓఈ స్విచ్ (నెట్‌వర్క్ కేబుల్ ద్వారానే కెమెరాలకు కరెంటు కూడా ఇచ్చేది), రూటర్, రికార్డర్, కేబుల్ మేనేజర్, ఒక షెల్ఫ్, రాక్‌కు బిగించే ప్లగ్గుల పట్టీ, యూపీఎస్. ఎం6 కేజ్ నట్లు (రాక్ చదరపు రంధ్రాల్లో దూర్చే నట్లు), స్క్రూలు నలభై తీసుకోండి. సగం ఎక్కడో పడిపోతాయి. రాగి క్యాట్ 6 కేబుల్, ప్యాచ్ కార్డులు (రెండు కొసలా ప్లగ్గులున్న పొట్టి కేబుళ్లు), ఆకుపచ్చ-పసుపు ఎర్త్ తీగ 6 చదరపు మిల్లీమీటర్లది, వెల్క్రో పట్టీలు, లేబుళ్లు.

పనిముట్లు: డ్రిల్లింగ్ మిషన్, రసమట్టం, పంచింగ్ టూల్ (తీగలను ప్యానెల్‌లోకి నొక్కేది), క్రింపింగ్ టూల్ (కేబుల్ కొసకు ప్లగ్గు బిగించేది), కేబుల్ టెస్టర్, మల్టీమీటర్. మల్టీమీటర్ లేకుండా ఈ పని మొదలుపెట్టవద్దు.

1. చోటు ఎంచుకోవడం

ముందుగా ఆ ఊరిలో పెద్దవాళ్లను అడగండి: 1986లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి, 2022 జులైలో ఎక్కడిదాకా వచ్చాయి? లంక గ్రామాల్లోనూ ఏటిగట్టు లోపలివైపు ఇళ్లలోనూ గోడ మీద మరక ఇంకా కనిపిస్తుంది. రాక్ అడుగు భాగం ఆ మరకకు కనీసం రెండు అడుగుల పైన ఉండాలి. అంత ఎత్తు కింది అంతస్తులో కుదరకపోతే రాక్‌ను మేడ మీదకు తీసుకెళ్లండి. వరద రాని చోట నేల నుంచి నాలుగు అడుగుల ఎత్తులో అడుగు భాగం ఉంటే, పని చేసేవారి కంటికి స్విచ్ లైట్లు సరిగ్గా ఎదురుగా వస్తాయి.

తరువాత గోడ చూడండి. వెనుక స్నానాల గది ఉన్న గోడ వద్దు. నీళ్ల ట్యాంకు కింద స్లాబు వద్దు. ఏసీ సరిగ్గా పైన ఉన్న చోటు వద్దు, డ్రెయిన్ గొట్టం పూడిన రోజున నీళ్లు నేరుగా రాక్ మీదే పడతాయి. పడమటి ఎండ కొట్టే గోడ కూడా మంచిది కాదు. గోడ తేమగా ఉందేమో తెలియాలంటే, ఒక చదరపు అడుగు ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగువైపులా టేపుతో గోడకు అంటించి ఒక రోజు వదిలేయండి. లోపలివైపు చెమ్మ పట్టిందంటే ఆ గోడ మానేయండి.

రైస్ మిల్లులో అయితే రాక్‌ను మిల్లు ఆడే హాలులో పెట్టనే వద్దు. తవుడు దుమ్ము ఫ్యాన్ల ద్వారా లోపలికి వెళ్లి, తేమతో కలిసి బోర్డుల మీద పొరలా గడ్డకడుతుంది. ఆఫీసు గదిలో పెట్టి, మిల్లు వైపు కేబుళ్లు వచ్చే రంధ్రాన్ని మూసివేయండి. అంతర్వేది, ఓడలరేవు వంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో కిటికీ ఎదురుగా పెట్టకండి. పైన ఫ్యాన్లు ఉన్న రాక్ అయితే అవి ఆ ఉప్పుగాలిని లోపలికి లాగుతూనే ఉంటాయి.

2. కరెంటు, ఎర్తింగ్

రాక్ తేకముందే ఈ పని పూర్తి కావాలి. లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తో చేయించండి. మీరు మాత్రం దగ్గరుండి చూడండి.

రాక్‌కు మెయిన్ బోర్డు నుంచి విడిగా ఒక లైను, దానికి విడిగా ఒక ఎంసీబీ ఉండాలి. చెరువుల్లో గాలి కలిపే ఏరియేటర్లు, మోటార్లు, మిల్లు యంత్రాలు నడిచే లైను నుంచి తీసుకోకూడదు. మోటారు స్టార్ట్ అయిన ప్రతిసారీ వోల్టేజీ పడిపోతుంది, యూపీఎస్ బ్యాటరీకి మారుతుంది, రోజుకు ఇరవై సార్లు ఇలా జరిగితే ఆ బ్యాటరీ ఏడాది కూడా ఉండదు. మెయిన్ బోర్డులో సర్జ్ రక్షణ పరికరం పెట్టించండి. అయితే అది పిడుగు శక్తిని ఎర్త్‌లోకి పంపుతుంది కాబట్టి, ఎర్త్ లేనిచోట అది ఎందుకూ పనికిరాదు.

ఇప్పుడు సాకెట్ దగ్గర మల్టీమీటర్‌తో మూడు కొలతలు తీయండి. ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ మధ్య దాదాపు 230 వోల్టులు ఉండాలి. ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య కూడా దాదాపు అంతే ఉండాలి. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య 2, 3 వోల్టులకు మించకూడదు.

ఇక్కడ చాలామంది మోసపోతారు. మూడో కొలత ఒక్కటే తీసి, సున్నా వచ్చింది కదా అని సంతోషపడతారు. ఎర్త్ తీగ ఎక్కడికీ కలపకుండా వదిలేసినా సున్నాకు దగ్గరగా చూపించవచ్చు. ఇంకా ప్రమాదకరమైన సంగతి, సాకెట్ లోపలే న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ ముక్క తీగ కలిపి సున్నా తెప్పించేవారు ఉన్నారు. అలా చేసిన చోట న్యూట్రల్ తెగిపోతే రాక్ ఇనుప ఒంటికే కరెంటు వస్తుంది, తలుపు పట్టుకున్న మనిషి పోతాడు. సాకెట్ విప్పించి మీ కళ్లతో చూడండి. ఎర్త్ గొయ్యిని ఎర్త్ టెస్టర్‌తో కొలిపించి, 5 ఓమ్‌ల లోపు ఉందని నిర్ధారించుకోండి.

మన నల్లరేగడి, ఒండ్రు నేలల్లో తేమ ఎక్కువ కాబట్టి ఎర్త్ తేలిగ్గానే కుదురుతుంది. చిక్కల్లా ఆ తేమే ఇనుమును తినేయడం. ఉప్పునీటి చెరువుల పక్కన జీఐ పైపు కొన్నేళ్లకే చిక్కిపోతుంది, పైన క్లాంపు మాత్రం బాగానే కనిపిస్తుంది. అలాంటి చోట రాగిపూత కడ్డీ వేయించండి. ఏదైనా సరే, ఏటా మే నెలలో, నేల బాగా ఎండి ఉన్నప్పుడు కొలిపించండి. అప్పుడు బాగుంటే ఏడాది పొడవునా బాగుంటుంది.

3. రాక్‌ను గోడకు బిగించడం

పరికరాలన్నీ పెట్టాక 12 యూ రాక్ 40 కిలోలు దాటవచ్చు. ఆ బరువు గోడ నుంచి ముందుకు లాగుతూ ఉంటుంది, కాబట్టి పై బోల్టుల మీదే అసలు భారం.

తొమ్మిది అంగుళాల ఇటుక గోడ అయితే 10 లేదా 12 మిల్లీమీటర్ల యాంకర్ బోల్టులు నాలుగు వేయండి. ఇటుక మధ్యలో రంధ్రం పడేలా చూడండి, రెండు ఇటుకల నడుమ సిమెంటు అతుకులో పడితే పట్టు ఉండదు. కాంక్రీటు స్తంభం లేదా బీమ్ అందుబాటులో ఉంటే పై రెండు బోల్టులనూ అందులోకి దింపండి. నాలుగున్నర అంగుళాల గోడ ఈ బరువును నేరుగా మోయదు. పాత పెంకుటిళ్లలోని సున్నం గోడ కూడా అంతే, డ్రిల్లు పెట్టగానే పొడి రాలుతుంది. ఈ రెండు చోట్లా గోడను పూర్తిగా తొలిచి, అవతలివైపు ఇనుప పలక పెట్టి పొడవాటి బోల్టులతో బిగించాలి. అదీ కుదరకపోతే నేల మీద రెండు మూడు అడుగుల సిమెంటు దిమ్మ కట్టించి దాని మీద నిలబెట్టే రాక్ పెట్టుకోండి, వరద మరక మాట మాత్రం మరవకండి.

క్రమం ఇలా: రాక్ వెనుక పలకను గోడకు ఆనించి, రసమట్టంతో సరిచూసి, గుర్తులు పెట్టండి. పలక దించేశాకే డ్రిల్ చేయండి. ఆ గోడలో కరెంటు గొట్టం ఎటు పోతోందో ముందే తెలుసుకోండి. రంధ్రాల్లోని దుమ్మును ఊది తీసేశాకే బోల్టులు దింపండి. ఎత్తేటప్పుడు ఇద్దరు మనుషులు ఉండాలి. బోల్టులు, వాషర్లు స్టెయిన్‌లెస్ స్టీలువి అయితే తుప్పు బాధ తక్కువ.

సరిచూడటం: ఖాళీ రాక్ అడుగున ఒక బియ్యం బస్తా, 25 కిలోలది, పెట్టి ఒక రాత్రి వదిలేయండి. పై అంచుకూ గోడకూ మధ్య కాగితం దూరేంత సందు పడిందంటే బోల్టులు జారుతున్నాయి.

చివరగా ఎర్త్ తీగను రాక్ ఒంటికి కలపండి. బోల్టు కింద పెయింటు గీకేసి, పళ్ల వాషర్ వేసి బిగించాలి. పెయింటు మీదే బిగిస్తే కలిపినా కలపనట్టే. తలుపుకూ పక్క పలకలకూ చిన్న ఎర్త్ తీగలు విడిగా వేయండి.

4. యూ లెక్క, పరికరాల వరస

ఒక యూ అంటే 44.45 మిల్లీమీటర్ల ఎత్తు. ప్రతి యూలో మూడు రంధ్రాలు ఉంటాయి. రంధ్రాల మధ్య దూరాలు సమానంగా ఉండవు, ఇదే కొత్తవారిని తిప్పలు పెట్టేది. వరసగా 15.875, 15.875, 12.7 మిల్లీమీటర్లు ఉంటాయి. దగ్గరగా ఉన్న రెండు రంధ్రాల మధ్యనే ఒక యూ ముగిసి మరొకటి మొదలవుతుంది. అక్కడ స్కెచ్ పెన్నుతో గీతలు గీసుకోండి. ఒక్క రంధ్రం తప్పి బిగిస్తే, ఆ కింద పెట్టాల్సినవన్నీ తప్పుతాయి, రెండు పరికరాల మధ్య పనికిరాని సందు మిగిలిపోతుంది.

పైనుంచి కిందికి నేను పెట్టే వరస: ప్యాచ్ ప్యానెల్, కేబుల్ మేనేజర్, పీఓఈ స్విచ్, ఒక యూ ఖాళీ, రూటర్‌కూ ఫైబర్ పెట్టెకూ (ఇంటర్నెట్ ఫైబర్ లైను వచ్చి చేరే పెట్టె) షెల్ఫ్, రికార్డర్, మరో యూ ఖాళీ, ప్లగ్గుల పట్టీ, అడుగున చిన్న యూపీఎస్. ఆ ఖాళీలు వేడి పోవడానికి. స్విచ్ మీద నేరుగా రికార్డర్ పెడితే వేసవిలో రెండూ బాధపడతాయి.

యూపీఎస్ బరువైనదైతే గోడ రాక్‌లో పెట్టవద్దు. పక్కనే విడిగా ఇనుప స్టాండు మీద, అదే ఎత్తులో పెట్టండి. బరువైనది కిందే ఉండాలన్న మాట నిజమే కానీ, డెల్టాలో నేల మీద పెట్టిన బ్యాటరీయే నీళ్లు వచ్చిన రోజున మొదట మునుగుతుంది.

కేజ్ నట్‌ను వేలితో నొక్కితే గోరు ఊడుతుంది. స్క్రూడ్రైవర్‌తో ఒక చెవిని లోపలికి నొక్కిపట్టి దూర్చండి. చెవులు అడ్డంగా రావాలి, నిలువుగా పెడితే బరువుకు జారతాయి.

5. కేబుళ్లు లాగడం

ముందు కేబుల్ అసలుదో కాదో చూడండి. మార్కెట్లో రాగిపూత అల్యూమినియం కేబుల్ చాలా ఉంది. తీగను బ్లేడుతో గీకండి, లోపల తెల్లగా కనిపిస్తే అది అల్యూమినియం. అది పీఓఈ కరెంటును మోయలేక వేడెక్కుతుంది, పైగా మన తేమలో కొసల దగ్గర పొడిగా రాలిపోతుంది. పెట్టె మీద ఏమి అచ్చువేసి ఉన్నా మీ బ్లేడునే నమ్మండి.

ఒక లైను మొత్తం పొడవు 100 మీటర్లు దాటకూడదు. అందులో గోడల్లో పోయేది 90, రెండు కొసలా ప్యాచ్ కార్డులకు 10. కరెంటు తీగలకు ఒక అడుగు దూరంగా వేయండి, దాటక తప్పకపోతే అడ్డంగా దాటించండి. ఒకే గొట్టంలో రెండూ వేయడం ప్రమాదం.

భవనం నుంచి భవనానికి, గట్టు మీది షెడ్డుకు, చెరువు అవతలి కెమెరాకు రాగి కేబుల్ వేయవద్దు. దూరం 100 మీటర్ల లోపే ఉన్నా వద్దు. ఏప్రిల్, మే నెలల గాలివానల్లో దగ్గరలో పిడుగు పడితే ఆ తీగ వెంట వచ్చే ఉప్పెన స్విచ్‌నూ రికార్డర్‌నూ ఒకేసారి కాల్చేస్తుంది. వానాకాలంలో స్విచ్‌లు పోవడానికి నేను చూసినంతలో మొదటి కారణం ఇదే. బయట తిరిగే ప్రతి లైనుకూ సింగిల్ మోడ్ ఫైబర్ వేయండి, రెండు కొసలా మీడియా కన్వర్టర్లు (ఫైబర్ వెలుగును రాగి కేబుల్ సంకేతంగా మార్చే పెట్టెలు) పెట్టండి. గాజు కరెంటును మోయదు. అయితే పైన వేలాడే రకంలో ఇనుప తీగ ఉంటుంది, దాన్ని రాక్ దాకా తేకుండా భవనం బయటే ఆపి ఎర్త్ చేయాలి. ఖర్చు కొంచెం పెరుగుతుంది కానీ ఒక్క స్విచ్ కాలితే అయ్యే ఖర్చు కన్నా తక్కువే. ఫైబర్ కుదరకపోతే పైకప్పుల మీద వైర్‌లెస్ జత పెట్టుకోవచ్చు. మధ్యలో కొబ్బరి తోట ఉంటే మాత్రం అది పనిచేయదు, తడిసిన ఆకులు సంకేతాన్ని మింగేస్తాయి.

కొబ్బరి చెట్టుకు కేబుల్ కట్టకండి. గాలికి చెట్టు ఊగుతుంది, మట్టలు పడతాయి, దింపులవాళ్లు ఎక్కినప్పుడు అడ్డమని కోసేస్తారు. స్తంభాలు వేయండి, లేదా గొట్టంలో భూమిలో వేయండి.

బయటి నుంచి కేబుల్ గోడలోకి వచ్చే చోట, రంధ్రానికి కొంచెం కిందికి వంచి తరువాత పైకి తెచ్చి లోపలికి పంపండి. వాన నీరు ఆ వంపు దగ్గర కారిపోతుంది. రంధ్రం బయటివైపుకు వాలుగా తొలచాలి. ఈ ఒక్కటీ చేయని చోట నీళ్లు కేబుల్ వెంట నడుచుకుంటూ వచ్చి ప్యాచ్ ప్యానెల్‌లోకి దిగడం మామూలే. రంధ్రాన్ని రెండువైపులా సీలెంట్‌తో మూసేయండి. ఎలుకలు, బల్లులు, చీమలు కూడా దారి వెతుక్కునేది అక్కడే.

ప్రతి కేబుల్‌కూ రెండు కొసలా ఒకే నంబరు రాయండి. రాక్ దగ్గర రెండు మీటర్లు అదనంగా చుట్టి ఉంచండి.

6. ప్యాచ్ ప్యానెల్, కొసలు

కేబుల్ లోపలి ఎనిమిది తీగలకు రెండు కొసలా ఒకే రంగుల వరస వాడాలి. 568 బి వరస ఇది: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. ప్యానెల్ వెనుక ఏ, బి అని రెండు రంగుల పట్టీలు అచ్చువేసి ఉంటాయి, బి చూసి పంచ్ చేయండి. జతల మెలికలను 13 మిల్లీమీటర్ల కన్నా ఎక్కువ విప్పవద్దు.

తరచుగా జరిగే తప్పు ఒకటి చెప్పాలి. కొందరు రంగులను తమకు తోచినట్టు వరసగా, జత పక్కన జతగా పెట్టి, రెండు కొసలా అలాగే చేస్తారు. చవక టెస్టర్‌లో ఒకటి నుంచి ఎనిమిది దాకా లైట్లు చక్కగా వెలుగుతాయి. కానీ మెలిక జతలు విడిపోయాయి కాబట్టి పొడవాటి లైనులో డేటా పాడైపోతుంది. లైట్లు వెలిగాయంటే తీగ తెగలేదనీ, తారుమారు కాలేదనీ మాత్రమే అర్థం. రంగుల వరసను కళ్లతోనే చూడాలి.

కెమెరా కొసను నేరుగా క్రింప్ చేయవచ్చు. బయటి కెమెరా అయితే దానితో వచ్చిన రబ్బరు మూత తప్పక వేయండి, దాన్ని పెట్టెలోనే వదిలేయడం వల్ల పచ్చగా చిలుము పట్టిన కొసలు లెక్కలేనన్ని.

7. పీఓఈ లెక్క

రాత్రిపూట ఆగే కెమెరాల రహస్యం ఇక్కడ ఉంది. చీకటి పడగానే కెమెరాలోని ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలుగుతాయి, కరెంటు వాడకం పెరుగుతుంది. పగలు 5 వాట్లు తీసుకునే కెమెరా రాత్రి 10 వాట్లు తీసుకుంటే, పదహారింటికి 160 వాట్లు. మీ స్విచ్ మొత్తం పీఓఈ సామర్థ్యం 130 వాట్లే అయితే కొన్ని కెమెరాలు ఆరిపోక తప్పదు.

802.3 ఏఎఫ్ పద్ధతిలో ఒక పోర్టు గరిష్ఠంగా 15.4 వాట్లు, ఏటీ పద్ధతిలో 30 వాట్లు ఇస్తుంది. అమ్మేవారు పోర్టు లెక్కే చెబుతారు. మీరు అడగాల్సింది మొత్తం సామర్థ్యం. కెమెరాల లేబుల్ మీది గరిష్ఠ వాట్లన్నీ కలిపి, దాని మీద పాతిక శాతం ఎక్కువ ఉన్న స్విచ్ తీసుకోండి. పై ఉదాహరణకు 200 వాట్లది కావాలి. యూపీఎస్ లెక్క కూడా రాత్రి వాడకం మీదే వేయండి.

నిల్వ లెక్క కూడా ఇప్పుడే చూసుకోండి. సెకనుకు 4 మెగాబిట్ల కెమెరా రోజుకు 43 గిగాబైట్లు రాస్తుంది. పదహారు కెమెరాలకు రోజుకు సుమారు 690. అంటే 8 టెరాబైట్ల డిస్కులో పదకొండు రోజులు. నెల రోజులు ఉంటాయని ఎవరైనా చెబితే కాగితం మీద ఈ లెక్క వేసి చూపించమనండి.

8. కలపడం, ఐపీ అడ్రసులు

ఫైబర్ లైను ఏపీ ఫైబర్‌నెట్‌దైనా మరెవరిదైనా సరే, గోడ దగ్గరి పెట్టె నుంచి మీ రూటర్‌కు ఒక ప్యాచ్ కార్డ్, రూటర్ నుంచి స్విచ్‌కు ఒకటి. ఆకుపచ్చ ఫైబర్ కనెక్టర్‌ను ఆకుపచ్చ దానికే కలపండి, నీలం దానికి కలిపితే వెలుగు సరిగా పోదు, ముఖాలు దెబ్బతింటాయి. ఫైబర్ కొసలోకి కన్ను పెట్టి చూడవద్దు.

ఫైబర్ పెట్టె తరచుగా 192.168.1.1 వాడుతుంది. మీ రూటర్‌కు వేరే వరస, ఉదాహరణకు 192.168.10.1 ఇవ్వండి. కెమెరాలకు 192.168.10.21 నుంచి 60 దాకా స్థిరమైన అడ్రసులు, రికార్డర్‌కు 20, ప్రింటర్‌కు 15. రూటర్ తనంతట తాను పంచే వరసను 100 నుంచి 200కు పరిమితం చేయండి. ఈ రెండు వరసలూ కలవకూడదు.

ఒక నెట్‌వర్క్‌లో అడ్రసులు పంచే పెట్టె ఒక్కటే ఉండాలి. వైఫై సరిపోవడం లేదని ఎవరో ఇంకో రూటర్ తెచ్చి స్విచ్‌కు తగిలిస్తే అదీ పంచడం మొదలుపెడుతుంది, సగం కంప్యూటర్లకు ఇంటర్నెట్ పోతుంది. దాన్ని యాక్సెస్ పాయింట్‌గా, అంటే అడ్రసులు పంచకుండా వైఫై మాత్రమే ఇచ్చేలా మార్చండి.

సెట్టింగులు మార్చగలిగే మేనేజ్డ్ స్విచ్ అయితే కెమెరాలను వేరే వీల్యాన్‌లో (అదే స్విచ్‌లో విడదీసిన నెట్‌వర్క్) పెట్టండి. కాకపోతే కెమెరాలకు విడిగా ఒక స్విచ్ పెట్టి రికార్డర్‌కు మాత్రమే కలిపినా ఉద్దేశం నెరవేరుతుంది. కెమెరాల, రికార్డర్ పాస్‌వర్డులు అన్నీ మార్చండి. ఫోనులో చూడటం కోసం రూటర్‌లో పోర్టు (ఇంటర్నెట్ నుంచి లోపలికి దారి) తెరవవద్దు.

9. ఆన్ చేసి సరిచూడటం

ముందు యూపీఎస్, తరువాత ఫైబర్ పెట్టె, రూటర్, స్విచ్, చివరకు రికార్డర్. ఒక్కొక్కదానికి రెండు నిమిషాల వ్యవధి ఇవ్వండి. ఆ తరువాత ఈ పరీక్షలన్నీ చేయాలి. బిగించినవారు ఉండగానే, డబ్బు ఇవ్వకముందే.

స్విచ్ పోర్టు వేగం చూడండి. గిగాబిట్ కంప్యూటరుకు 100 అని చూపిస్తే ఆ లైనులో ఏదో ఒక తీగ పట్టలేదు, కొసలు మళ్లీ చేయించండి. కెమెరాలు చాలావరకు 100 వే, వాటికి అది తప్పు కాదు.

కంప్యూటరుకు 169.254తో మొదలయ్యే అడ్రసు వచ్చిందంటే రూటర్ నుంచి జవాబు అందలేదు. కేబుల్, పోర్టు, రూటర్ ఆ వరసలో చూడండి.

కంప్యూటర్ నుంచి రూటర్‌కు ఒక గంట పాటు ఆపకుండా పింగ్ (అవతలి పరికరం జవాబిస్తోందో చూసే ఆదేశం) నడపండి. ఒక్క ప్యాకెట్ కూడా పోకూడదు. అదే సమయంలో మోటార్లు, ఏరియేటర్లు ఆన్ చేయించండి. అప్పుడే పోతుంటే తప్పు కరెంటు తీగల పక్కన నడిచే కేబుల్‌ది.

స్విచ్ లైట్లన్నీ ఒకేసారి పిచ్చిగా మిణుకుతూ నెట్‌వర్క్ మొత్తం ఆగిపోతే, ఎవరో ఒక ప్యాచ్ కార్డ్ రెండు కొసలనూ ఒకే స్విచ్‌కు గుచ్చారు. ఒక్కొక్కటే పీకి చూడండి. స్విచ్‌లో లూప్ రక్షణ ఉంటే ఆన్ చేసి ఉంచండి.

ఫైబర్ పెట్టె పేజీలో వెలుగు కొలత ఉంటుంది. మైనస్ 15 నుంచి మైనస్ 25 డీబీఎం మధ్య ఉంటే నిశ్చింత. మైనస్ 27 దాటితే వాన పడ్డప్పుడల్లా పోతుంది, లైనువారిని పిలవండి.

యూపీఎస్ ప్లగ్గు పీకండి. ఏదీ ఆగకూడదు. ఎంతసేపు నిలిచిందో రాసిపెట్టుకోండి. తరువాత జనరేటర్ మీద కూడా చూడండి, కొన్ని యూపీఎస్‌లు చిన్న జనరేటర్ కరెంటును ఒప్పుకోక బ్యాటరీ మీదే ఉండిపోతాయి. చీకటి పడ్డాక అన్ని కెమెరాలనూ మళ్లీ చూడండి. పగటి పరీక్షతో సంతకం పెట్టవద్దు.

మర్నాడు మధ్యాహ్నం రాక్ తలుపు మూసి ఉండగా లోపల థర్మామీటర్ పెట్టండి. 40 డిగ్రీలు దాటితే పైన ఫ్యాన్ పెట్టాలి, లేదా చోటు మార్చాలి. యూపీఎస్ బ్యాటరీ ఆయుష్షు 25 డిగ్రీల మీద ప్రతి 10 డిగ్రీలకూ సుమారు సగానికి పడిపోతుంది.

వానాకాలానికి ముందు, వరద వచ్చినప్పుడు

జూన్ మొదటి వారంలో రాక్ తెరిచి దుమ్ము తుడవండి, తుప్పు మరకలు చూడండి, కేబుల్ రంధ్రాల సీలెంట్ చూడండి. సిలికా జెల్ పొట్లాలు పెట్టేవారు ఉన్నారు. ఫ్యాన్ నడిచే రాక్‌లో వాటి వల్ల లాభం లేదు. పరికరాలు ఎప్పుడూ ఆన్‌లో ఉండటమే తేమకు మంచి విరుగుడు, ఆ వెచ్చదనానికి చెమ్మ పట్టదు. బడులకు సెలవులిచ్చినప్పుడు మెయిన్ ఆపేసి వెళ్లకండి, కనీసం స్విచ్ నడవనివ్వండి.

ఒక్క సందర్భంలో మాత్రం ఆపాలి. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు, ఉరుములు దగ్గర పడినప్పుడు, బయటి నుంచి వచ్చే రాగి కేబుల్ ఏదైనా మిగిలి ఉంటే దాన్ని ముందు పీకండి. యూపీఎస్ ఆపి, ప్లగ్గు కూడా పీకండి. సాకెట్ బటన్ ఆపినంత మాత్రాన పిడుగు ఆగదు. పిడుగులు పడుతున్నప్పుడు తీగలను ముట్టుకోవద్దు, అవి రాకముందే ఈ పని చేయాలి.

గోదావరి వరదకు సమయం ఉంటుంది. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది ఇస్తారు. మీ ఊరికి నీళ్లు ఏ హెచ్చరికకు వస్తాయో మీకే బాగా తెలుసు. అంతకు ముందు హెచ్చరికకే రికార్డర్‌నూ యూపీఎస్‌నూ విప్పి మేడ మీదకు చేర్చండి. లేబుళ్లు సరిగా రాసి ఉంటే విప్పడానికి అరగంట చాలు. విప్పే ముందు రాక్ ముందు, వెనుక ఫోనుతో ఫోటోలు తీసుకోండి, రూటర్, స్విచ్ సెట్టింగులను ఒక పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి.

నీళ్లు రాక్‌లోకి వచ్చేసి ఉంటే, ఆరినట్టు కనిపించినా ఏదీ ఆన్ చేయకండి. ముందు మెయిన్ ఆపండి. వరద నీటిలోని ఒండ్రు బోర్డుల కాళ్ల మధ్య నిలిచి ఉంటుంది, కరెంటు ఇచ్చిన క్షణంలో షార్ట్ అవుతుంది. ఎండలో పెట్టి చూద్దామని ప్రయత్నించి, బతికే పరికరాన్ని కూడా చంపుకున్నవారు చాలామంది. డిస్కులోని దృశ్యాలు అవసరమైతే డిస్కును ఆరబెట్టవద్దు, తడిగానే ప్లాస్టిక్ సంచిలో మూసి డేటా తీసేవారి దగ్గరకు పంపండి. యూపీఎస్ బ్యాటరీ మునిగితే దాన్ని మార్చడమే. రాక్ ఇనుము, ప్యాచ్ ప్యానెల్, ఫైబర్ కేబుళ్లు మంచినీటితో కడిగి ఆరబెడితే తిరిగి వాడవచ్చు. ప్యానెల్ మీద ప్రతి లైనునూ టెస్టర్‌తో మళ్లీ పరీక్షించి, ఎర్త్ కొలిపించి, ఎలక్ట్రీషియన్ సాకెట్లు చూసి సరే అన్నాకే ప్లగ్గు పెట్టండి.